ఆట మూసేముందు అమ్మానాన్నల్ని అడగండి



ఈ నెల గోడపత్రికలో "నా అభిప్రాయం" శీర్షిక నాకు ఇచ్చారు. ఈ శీర్షికలో ఎప్పుడూ వరకట్నం గురించో, పరిసరాల శుభ్రత గురించో రాస్తాం. అవీ రాయాల్సినవే. కానీ నేను మన సాయంత్రం ఆట గంట గురించి రాస్తున్నాను. ఎందుకంటే ఇప్పుడు మెస్సు లైన్లో, కుళాయిల దగ్గర, రాత్రి లైట్లు ఆపాక కూడా అందరం మాట్లాడుకునేది దాని గురించే.

విషయం ఇది. ఆడపిల్లల ఫుట్‌బాల్ టీమును ఈ ఏడాదితో ఆపేస్తారని, ఆ గంటను కూడా స్టడీ అవర్ చేస్తారని అంటున్నారు. ఇంకా ఆర్డరేమీ రాలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నా. ఆర్డరు వచ్చాక రాస్తే ఎదిరించినట్టు ఉంటుంది. రాకముందు రాస్తే అడిగినట్టు ఉంటుంది. అడగందే అమ్మయినా పెట్టదని సామెత ఉంది కదా.

నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్తా. పిల్లల టీమును మూసేముందు ఆ పిల్లల అమ్మానాన్నల్ని అడగాలి. అమ్మానాన్నలు కూడా "మాకేం తెలుసమ్మా, మీరెట్టా అంటే అట్టా" అని వేలిముద్ర వేసి పోకుండా, మూయొద్దని నోరు తెరిచి చెప్పాలి.

దీనికి కొందరు నవ్వుతారు. "మన వాళ్ళు బడి మొహం చూడలేదు, ఫుట్‌బాల్ గురించి ఏం చెప్తారు?" అంటారు. మా నాన్న కూడా అట్టాగే అంటాడు. వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి.

అనంతపురంలో ఆర్డీటీ అనే సంస్థ ఉంది. పూర్తి పేరు రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్. స్పెయిన్ దేశానికి చెందిన విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో దాన్ని మొదలుపెట్టారు. ఆయన 2009లో చనిపోయారు. ఆ కరువు సీమలో ఆ సంస్థ బడులు నడిపింది, ఇళ్ళు కట్టించింది, బత్తలపల్లిలో పెద్దాసుపత్రి పెట్టింది. వాటితోపాటే ఆటస్థలాలు కూడా కట్టించింది. అక్కడ పేదపిల్లలకు ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్, టెన్నిస్, జూడో నేర్పుతారు. ఆడపిల్లలకు కూడా నేర్పుతారు. ప్రపంచంలో పేరున్న టెన్నిస్ ఆటగాడు నాదల్ పేరు మీద 2010లో అక్కడ టెన్నిస్ బడి పెట్టారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు కూడా ఆ గ్రౌండులోనే జరిగాయి. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, ఆసుపత్రి కట్టినవాళ్ళే ఆటస్థలం కూడా కట్టారు. ఆట అంటే మిగిలితే వేసే కూర అనుకోలేదు. అన్నంతోపాటే వడ్డించారు.

ఆ సంస్థ విదేశాల నుంచి విరాళాలు తీసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వం అనుమతి ఉండాలి. 2025లో ఆ అనుమతి రెన్యువల్ కాలేదు. డబ్బు ఆగితే అన్నీ ఆగిపోతాయని జనానికి భయం పట్టుకుంది. అప్పుడు అనంతపురంలో జనం "సేవ్ ఆర్డీటీ" అంటూ రోడ్ల మీదకు వచ్చి ఊరేగింపులు చేశారు. వేరు వేరు పార్టీల నాయకులు కూడా వాళ్ళకు మద్దతుగా మాట్లాడారు. నడిచిన వాళ్ళలో రైతులు, కూలీలు, ఆడవాళ్ళు ఉన్నారు. మన అమ్మానాన్నల్లాంటి వాళ్ళే. విరాళాల చట్టంలో ఏ సెక్షను ఏమంటుందో వాళ్ళందరికీ తెలిసే వచ్చారా? తెలియాల్సిన పనేముంది! తమ పిల్లలకు ఏది పోతుందో తెలుసు. అది చాలు.

మన వైపు పెద్దవాళ్ళకు మాత్రం నోరు లేదా? ఉంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి రేటు పడిపోయినప్పుడు మన గుంటూరు, పల్నాడు, ప్రకాశం రైతులు ఊరుకున్నారా? పెట్టుబడి కూడా రావడం లేదని గట్టిగా అడిగారు. అడిగితేనే కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ధర ప్రకటించింది. అది సరిపోయిందా లేదా అన్నది రైతులు చెప్పాలి. కానీ అడగకపోతే ఆ మాట కూడా వచ్చేది కాదు. కాయ ధర పడితే అడిగే పెద్దవాళ్ళు, పిల్లల ఆట పడిపోతే ఎందుకు అడగకూడదు? కాయకు యార్డు ఉంది, రేటు బోర్డు ఉంది. మా ఆటకు బోర్డు లేదు. అందుకే అది పడిపోయినా ఎవరికీ కనపడదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. ఫుట్‌బాల్ వల్ల అమ్మానాన్నలకు ఏం లాభం?

మనలో చాలామందిమి సుగాలీలం, యానాదులం, ఎరుకలవాళ్ళం, చెంచులం. మన అమ్మానాన్నలు పత్తి తీతకు, మిరప కోతకు పోతారు. కొందరు మేస్త్రి దగ్గర ముందే డబ్బు తీసుకుని ఊళ్ళకు ఊళ్ళు పోయి పొలాల గట్ల మీద పట్టాలు కట్టుకుని ఉంటారు. సంక్రాంతి సెలవులకు మనం ఇంటికి పోతాం. అప్పటికి కోతలు జోరుగా ఉంటాయి. "నాలుగు రోజులు కాయ కోసి పోదువులే, ఒక కూలి కలిసొచ్చుద్ది" అంటారు. నాలుగు రోజులు నలభై రోజులు అయిద్ది. ఆ తర్వాత చెల్లినో తమ్ముణ్ణో చూసుకోమంటారు. ఆ తర్వాత సంబంధం వచ్చిందంటారు. పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయకూడదని చట్టం ఉంది. కానీ చట్టం తండా దాకా నడిచి రాదు. మనం హాస్టల్లో ఉంటేనే అది మన పక్కన ఉంటుంది. ప్రతి సంక్రాంతి తర్వాత మన గదుల్లో ఖాళీ పెట్టెలు కనపడతాయి. ఎవరివో మనందరికీ తెలుసు. పేర్లు రాయను.

పోయిన సంక్రాంతికి మా టీములో పదహారుమందిమి ఇంటికి పోయాం. పదహారుమందిమీ తిరిగొచ్చాం. ఎందుకంటే ఫిబ్రవరిలో మ్యాచ్ ఉందని, రాకపోతే పేరు తీసేస్తారని అందరం ఇంట్లో చెప్పాం. "చదువు ఉంది" అంటే మా ఇళ్ళలో "చదువు ఎక్కడికి పోతుందిలే" అంటారు. "మ్యాచ్ ఉంది, పదకొండుమంది నా కోసం చూస్తా ఉంటారు" అంటే పంపిస్తారు. కూలి ముఠాలో ఒక మనిషి తగ్గితే పని ఎట్లా ఆగుతుందో వాళ్ళకు తెలుసు కాబట్టి ఆ మాట వాళ్ళకు బాగా అర్థమైంది. కాబట్టి టీము మమ్మల్ని చదువుకు దూరం చేయడం లేదు. చెయ్యి పట్టుకుని మళ్ళీ క్లాసులోకి తీసుకొస్తోంది.

ఇంకొకటి. మేం ఇంట్లో అమ్మను యాడి అంటాం. మా యాడి ఒక ఆదివారం నన్ను చూడడానికి వచ్చి, వేపచెట్టు కింద కూర్చుని ప్రాక్టీసు చూసింది. కాయ కోసి కోసి మండుతున్న చేతుల్ని తడిగుడ్డలో పెట్టుకుని చూసింది. అయిపోయాక గోల్ గురించి అడగలేదు. "నీకింత గొంతు ఉందా? ఇంటికాడ పిలిస్తే పలకవు, ఇక్కడ బంతి ఇటు వెయ్యమని అంత దూరానికి అరుస్తా ఉన్నావే" అంది. నిజమే. మనకు చిన్నప్పట్నుంచీ మెల్లగా మాట్లాడమనే చెప్పారు. మేస్త్రి ముందు మెల్లగా, ఆసామి ముందు మెల్లగా, ఆఫీసులో ఇంకా మెల్లగా. గ్రౌండులో మెల్లగా మాట్లాడితే బంతి రాదు. ఇది ఏ సబ్జెక్టు పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

ఇక ఆపాలనేవాళ్ళ కారణాలు కూడా చూద్దాం. ఒకవైపే రాస్తే అది అభిప్రాయం కాదు, అలక.

మొదటిది: టెన్త్ ఫలితాలు. ఇది పెద్ద కారణమే. ఫలితాలు తగ్గితే మన హెచ్.ఎం. గారిని, టీచర్లను పైనుంచి అడుగుతారు. వాళ్ళ కష్టం మాకు తెలుసు. కానీ తెల్లవారుజామున స్టడీ, రాత్రి స్టడీ ఉండనే ఉన్నాయి. సాయంత్రం గంట కూడా కూర్చోబెడితే ఏమవుద్ది? పుస్తకం ముందు ఉంటుంది, తల ఊగుతా ఉంటుంది. ఆడి వచ్చిన రోజు రాత్రి నిద్ర ఆపుకోలేకపోతాం అంటారు కొందరు. అది కూడా కొంత నిజమే. అందుకే పబ్లిక్ పరీక్షలున్న టెన్త్ అక్కలకు జనవరి నుంచి వారానికి మూడు రోజులే పెట్టండి. మిగతా తరగతులకు ఉంచండి.

రెండోది: దెబ్బలు తగులుతాయి. తగులుతాయి. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? దెబ్బలకు మందుల పెట్టె పెట్టుకుంటాం. మిరప చేలో మందు కొట్టేటప్పుడు కళ్ళు మండినా, పత్తి చేలో పాము కనపడినా మనల్ని పనికి పోవద్దని ఎవరూ అనరు. ఆటలో మోకాలు గీసుకుంటేనే అందరికీ జాలి పుడుతుంది.

మూడోది: బయటి ఊళ్ళకు తీసుకుపోవాలంటే బాధ్యత. ఇది వార్డెన్ మేడమ్ గారి మాట. ఈ మాట నేను కాదనలేను. ముప్పై మైళ్ళు బస్సులో ఆడపిల్లల్ని తీసుకుపోయి చీకటి పడకుండా తీసుకురావాలంటే మేడమ్ గారికి ఎంత దిగులో మేం చూశాం. మేం అందరం బస్సు దిగేదాకా ఆమె నీళ్ళు కూడా తాగలేదు. కానీ ఆ బరువు మేడమ్ గారు ఒక్కరే ఎందుకు మోయాలి? అమ్మానాన్నల్ని అడిగితే ప్రతి మ్యాచ్‌కూ ఇద్దరు అమ్మలు తోడు రారా? అడిగి చూడండి.

నాలుగోది: నిక్కర్లు వేసుకుని ఆడపిల్లలు మగపిల్లల ఆట ఆడడం ఏంటి అని ఊళ్ళోవాళ్ళు అంటున్నారట. మా అమ్మానాన్నలకు లేని నొప్పి వాళ్ళకెందుకు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

ఈ నాలుగో మాట కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు ఫుట్‌బాల్ టీము పెట్టుకున్నారు. దాని పేరు డిక్ కెర్ లేడీస్. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో వాళ్ళ ఆట చూడడానికి దాదాపు 53,000 మంది వచ్చారు. మరుసటి ఏడాది, 1921 డిసెంబరులో, ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్ళకు తగదని చెప్పి, తమ క్లబ్బుల గ్రౌండ్లలో ఆడనివ్వొద్దని తీర్మానం చేసింది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు ఉంది. చూశారా, మూయడానికి ఒక మీటింగు చాలు. మళ్ళీ తెరవడానికి 50 ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో ఆడాలనుకున్న పిల్లలు అమ్మమ్మలయిపోయారు.

అంత దూరం ఎందుకు, మన పక్క రాష్ట్రం దగ్గరిది చెప్తా. 2023 మార్చి 3న బెంగళూరులో కేరళ బ్లాస్టర్స్ మగవాళ్ళ జట్టు ఒక గోల్ మీద కోపం వచ్చి ఆట మధ్యలో గ్రౌండు వదిలి వెళ్ళిపోయింది. ఫుట్‌బాల్ సమాఖ్య ఆ క్లబ్బుకు 4 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అదే ఏడాది జూన్‌లో క్లబ్బువాళ్ళు డబ్బు ఇబ్బంది వచ్చిందని ఒక జట్టును ఆపేశారు. ఏ జట్టును? ఆడవాళ్ళ జట్టును! అది పెట్టి అప్పటికి ఏడాది కూడా కాలేదు. తాత్కాలికంగా అన్నారు. గ్రౌండు వదిలింది మగవాళ్ళు, జట్టు పోయింది ఆడవాళ్ళది. ఇంట్లో కూడా ఇంతే కదా. అన్న ఫీజు కట్టాలి కాబట్టి చెల్లి బడి మానేస్తుంది. ఎక్కడ డబ్బు తక్కువైనా, టైము తక్కువైనా, ముందు కోసేది ఆడపిల్లల వాటానే. మన స్కూల్లో అట్లా జరగకూడదని నా కోరిక.

"ఆడితే అన్నం పెట్టుద్దా?" అని మా తండాలో అడుగుతారు. అందరికీ పెట్టదు. అది నేను ఒప్పుకుంటా. కానీ కొందరికి పెట్టింది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య అక్క మన లంబాడీ పిల్లే. ఇండియా టీముకు ఆడింది. 2022లో క్రొయేషియా దేశంలోని దినామో జాగ్రెబ్ అనే క్లబ్బులో చేరింది. జార్ఖండ్ గుమ్లా జిల్లాలో ఓరావ్ ఆదివాసీ పిల్ల అష్టమ్ ఓరావ్. 2022 అక్టోబరులో మన దేశంలో జరిగిన 17 ఏళ్ళలోపు ఆడపిల్లల ప్రపంచ కప్పులో ఇండియా కెప్టెన్ ఆ అమ్మాయే. ఆమె పేరు చెప్పి ఊరికి రోడ్డు వేస్తుంటే, ఆ రోడ్డు పనిలో ఆమె అమ్మానాన్నలే కూలీకి పనిచేశారని పేపర్లలో వచ్చింది. మొదటి మ్యాచ్‌లో అమెరికా మీద మన వాళ్ళు 8–0తో ఓడిపోయారు. ఓడిపోయినా నాకు ఆ టీమే ఇష్టం. మట్టి గ్రౌండులో పెరిగిన పిల్లలు అమెరికా వాళ్ళ ఎదురుగా నిలబడి ఆడారు. వాళ్ళ ఊళ్ళలో చిన్నప్పుడే ఎవరో టీము మూసేసి ఉంటే ఆ రోజు ఎవరు నిలబడేవాళ్ళు?

మేమందరం సౌమ్య అక్కలం అవుతామని నేను చెప్పడం లేదు. లెక్కల్లో అందరూ రామానుజన్ అవుతారా? అయినా లెక్కల పీరియడ్ తీసేయరు కదా.

ఆట అనేది ఎవరో దయతలిచి ఇచ్చే మిఠాయి కూడా కాదు. 2009 విద్యాహక్కు చట్టంలో ఎనిమిదో తరగతి వరకు ఉన్న బడులకు ఆటస్థలం ఉండాలని, ప్రతి తరగతికీ అవసరమైన ఆట సామాను ఇవ్వాలని రాశారు. అదే చట్టం బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చెప్తోంది. ఐక్యరాజ్య సమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒప్పందంలో కూడా పిల్లలకు ఆడుకునే హక్కు ఉందని 31వ అంశంలో రాశారు. మన దేశం 1992లో అందులో చేరింది. మేం తొమ్మిదో తరగతికి వచ్చినంత మాత్రాన పిల్లలం కాకుండా పోయామా?

చట్టం అమ్మానాన్నలకు కుర్చీ వేసింది. వాళ్ళు వచ్చి కూర్చోవడం లేదు. తప్పు వాళ్ళదే అనలేం. మీటింగు పనిరోజున పెడితే ఆ రోజు కూలి పోతుంది. వచ్చినా ఇంగ్లీషు మాటలు, మార్కుల పట్టికలు, చివర్లో సంతకం లేదా వేలిముద్ర. వాళ్ళకు తెలిసిన విషయం వాళ్ళను ఎవరూ అడగరు. "మీ అమ్మాయి సంక్రాంతి తర్వాత ఎందుకు తిరిగొచ్చింది?" అని అడిగితే మా యాడి చక్కగా చెప్పుద్ది.

కావున నా విన్నపాలు ఇవి.

ఒకటి. టీము గురించి నిర్ణయం తీసుకునేముందు ఒక ఆదివారం అమ్మానాన్నల మీటింగు పెట్టండి. ఆ ఒక్క విషయమే మాట్లాడండి.

రెండు. కబురు కాగితం మీద పంపితే మా ఇళ్ళలో చదివేవాళ్ళు లేరు. ఫోన్ల రోజు మేమే నోటితో చెప్తాం. ఎందుకు పిలుస్తున్నారో కూడా సరిగ్గా చెప్తాం.

మూడు. మీటింగులో ముందు అమ్మలను మాట్లాడనివ్వండి. సుగాలీ మాటలో చెప్పినా, తప్పు తెలుగులో చెప్పినా పర్వాలేదు. మేం తెలుగులో చెప్తాం.

నాలుగు. డబ్బే ఇబ్బంది అయితే ఎంత తక్కువో బోర్డు మీద రాయండి. గ్రౌండులో రాళ్ళు ఏరడం, సున్నంతో గీతలు గీయడం, చిరిగిన నెట్టు అల్లడం మాకూ మా నాన్నలకూ వచ్చు. దానికి డబ్బు అక్కర్లేదు.

ఐదు. ఇవన్నీ అయ్యాక కూడా ఆపాల్సిందే అని అమ్మానాన్నలే అంటే, మేం బంతులు తెచ్చి స్టోర్ రూములో పెడతాం. ఏడుస్తామేమో గానీ గొడవ చేయం.

తోటి చెల్లెళ్ళకు, ముఖ్యంగా ఆట రానివాళ్ళకు ఒక మాట. "నేను టీములో లేనుగా, నాకెందుకు" అనుకోవద్దు. ఈసారి ఫుట్‌బాల్ గంట పోతే వచ్చేసారి పాటల పోటీలు, ఆ తర్వాత ఈ గోడపత్రిక కూడా "చదువుకు అడ్డం" అయిపోవచ్చు. ఈ ఆదివారం మీ ఇంటికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, బాగున్నావా" అయ్యాక ఇంకొక్క మాట అడగండి: "మీటింగు పెడితే వస్తారా? వచ్చి మా తరఫున మాట్లాడతారా?" అని. వాళ్ళు ఏం చెప్పారో సోమవారం నాకు చెప్పండి. ఎంతమంది వస్తామన్నారో రాసుకుని నేనే వార్డెన్ మేడమ్ గారికి ఇస్తాను.

ఇట్లు
9వ తరగతి విద్యార్థిని
(ఫుట్‌బాల్ టీములో లెఫ్ట్ బ్యాక్)